నాన్నగారి రికార్డులు అమ్మేయమంటారా?

ప్రశ్న: మాది రాజమండ్రి. నేను ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం, రెండు నెలల్లో ఖాళీ చేయాలి. నాన్న గదిలో, అటక మీద కలిపి నూట ఇరవై దాకా ఎల్పీలు, ఈపీలు (పెద్ద, చిన్న గ్రామఫోన్ రికార్డులు) ఉన్నాయి. ఇవి కాక తాతయ్య కొన్న బరువైన నల్లటి ప్లేట్లు ఓ నలభై, ఎక్కువగా నాటక పద్యాలు. అమెరికాలో ఉన్న తమ్ముడు "అన్నీ ఫోన్లో దొరుకుతాయి, ఎవరికైనా ఇచ్చేయండి" అంటాడు. పాత సామాను కొనే ఒకాయన వచ్చి మొత్తానికి పన్నెండు వేలు ఇస్తానన్నాడు. నాన్నకి 74 ఏళ్లు. "రికార్డులో ఉన్న జీవం ఫోన్లో ఎక్కడిది?" అని ఆయన పట్టు. పోనీ విందామంటే ఆయన పాత ప్లేయర్ తిరుగుతుంది కానీ పాట పీలగా, బొంగురుగా వస్తోంది. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్‌గా ఉంది. నిజంగా రికార్డే గొప్పదా? కొత్త ప్లేయర్ కొనాలా? లేక అమ్మేయమంటారా?
– ఓ పాఠకురాలు

సమాధానం: అమ్మకండి. కనీసం ఇప్పుడప్పుడే వద్దు. పెట్టెల్లో ఏమేం ఉన్నాయో మీకే తెలియకుండా గుత్తగా ఇచ్చేస్తే, రేపు అందులో ఒక్క ప్లేటు కావాలన్నా దొరకదు. వచ్చినాయనకి "జాబితా రాసుకుంటున్నాం, అయ్యాక కబురు చేస్తాం" అని చెప్పండి. నిజంగా కొనే మనిషైతే ఆగుతాడు.

ఇక ఏది గొప్ప అన్న సంగతి. స్టూడియోలో వినిపించిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు దాచి, ఉన్నదున్నట్టు వినిపించే పనిలో డిజిటలే మెరుగు. రికార్డులంటే నాకు ప్రాణం. అయినా ఈ మాట దాటవేయడం మీకు మేలు చేయదు. ఎల్పీ మీద ఒక సన్నని గాడి అంచు దగ్గర మొదలై, చుట్టలు చుట్టుకుంటూ లేబుల్ దాకా వెళుతుంది. ప్లేటు నిమిషానికి 33 చుట్లకి కాస్త పైన తిరుగుతుంది. అంచు దగ్గర ఒక్కో సెకనులో దాదాపు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి వెళుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 20 సెంటీమీటర్ల చిల్లరకి పడిపోతుంది. అంటే అంతే పాటని సగం కన్నా తక్కువ జాగాలో చెక్కాలి. అందుకే సైడు చివరి పాటలో స, శ అక్షరాలు చిరిగినట్టు వినిపిస్తాయి. మీ నాన్నగారిని అడగండి, ఆయన ఎన్నోసార్లు గమనించే ఉంటారు. పైగా బేస్‌ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి పక్క చుట్టలోకి దూసుకుపోతుంది. అందుకని చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, సన్నని శబ్దాలు పెంచుతారు. వినేటప్పుడు ఆంప్లిఫయర్‌లో ఉండే చిన్న సర్క్యూట్ దాన్ని తిరిగి సరిచేస్తుంది. దాన్నే ఫోనో ప్రీఆంప్ అంటారు. ప్లేయర్ కొనేటప్పుడు దీని అవసరం పడుతుంది, గుర్తుపెట్టుకోండి.

సీడీ 1982లో బజారులోకి వచ్చింది. అందులో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. "కొలతకీ కొలతకీ మధ్య ఉన్న సంగీతం పోయినట్టేగా" అని చాలామంది అంటారు, బహుశా మీ నాన్నగారు కూడా. పోదు. మనిషి చెవి మహా అయితే సెకనుకి 20,000 కంపనాల దాకా వింటుంది, వయసు మీద పడ్డాక అదీ తగ్గుతుంది. మనం వినగల గరిష్ఠ కంపనాల సంఖ్యకి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే అసలు అల మొత్తం తిరిగి వచ్చేస్తుందని గణితం ఎప్పుడో రుజువు చేసింది. ఒకే పాటలో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సీడీ 96 డెసిబెల్స్ తేడా చూపగలదు. మంచి ఎల్పీ అయినా 70 దాటడం కష్టం, అంతకన్నా చిన్న శబ్దాలని గరగర మింగేస్తుంది.

చెవులు మాత్రం వేరేలా చెబుతాయి కదా అంటారా? 2007లో బోస్టన్‌లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. సీడీ కన్నా ఎంతో ఎక్కువ వివరంతో తయారైన డిస్కులని ఒకసారి నేరుగా, ఒకసారి మధ్యలో సీడీ స్థాయికి కుదించి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరిగ్గా చెప్పారు. కళ్లు మూసుకుని ఊహించి చెప్పినా దాదాపు అంతే వస్తుంది. విన్నవాళ్లలో ఈ రంగంలో పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు.

అంతకన్నా పెద్ద ఉదాహరణ 2022లో అమెరికాలో బయటపడింది. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ స్టూడియోలో తయారైన అసలు టేపుల (మాస్టర్ టేపుల) నుంచి ఎల్పీలు తయారు చేస్తుందని పేరు. ఒక్కో దాన్ని భారీ ధర పెట్టి కొనేవాళ్లున్నారు. ఇందులో ఎక్కడా డిజిటల్ కలవలేదన్నది కొనేవాళ్ల నమ్మకం. 2011 నుంచి వాటిలో చాలా రికార్డులకి మధ్యలో డిజిటల్ కాపీ వాడుతున్నారని ఒక రికార్డుల షాపు యజమాని బయటపెట్టాడు. గొడవ కోర్టుకి వెళ్లింది, కంపెనీ రాజీ చేసుకుంది. అన్నాళ్లూ ఆ ఎల్పీలు విని "అచ్చమైన అనలాగ్ అంటే ఇదీ" అని మెచ్చుకున్నవాళ్లలో దాదాపు ఎవరికీ తేడా తెలియలేదు. ఆ రికార్డులు నిజంగానే బాగుంటాయి. మాస్టర్ టేపుని శ్రద్ధగా, ఓపిగ్గా వాడిన పనివాళ్ల వల్ల బాగుంటాయి.

ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ నాన్నగారి మాటలో ఉన్న నిజం ఇక్కడే ఉంది. ఆయన పోల్చుతున్నది ఎల్పీనీ సీడీనీ కాదనుకుంటాను. ఆయన ఎల్పీని, ఫోన్లో దొరికే ఒక పాత పాటని పక్కపక్కన పెడుతున్నారు. ఆ ఫోన్ పాట ఎక్కడి నుంచి వచ్చింది? పాత తెలుగు పాటల్లో చాలావాటికి నెట్‌లో తిరుగుతున్నవి కాపీకి కాపీలు. అరిగిన క్యాసెట్ నుంచి ఎవరో ఎక్కించినవి కొన్ని. మోనో పాటని స్టీరియో చేస్తున్నామని ప్రతిధ్వని కలిపినవి కొన్ని. స్పీడు తేడాతో ఎక్కించడం వల్ల శ్రుతి పెరిగి గాయకుడి గొంతు పీలగా మారినవి కొన్ని. 1990ల నుంచి ఇంకో జబ్బు పట్టుకుంది. పాట మొదటి క్షణం నుంచీ గట్టిగా వినిపించాలని చిన్న శబ్దాలని పెంచి, పెద్ద శబ్దాల తలలు నరికి, అంతా ఒకే మట్టానికి తెచ్చేశారు. వీణ మీద మీటు లేచి, మెల్లగా ఆరిపోయే తీరు ఆ తరహా కాపీల్లో ఉండదు. ఎల్పీలో ఉంటుంది. దాన్నే మీ నాన్నగారు జీవం అంటున్నారు. ఆ తేడా ఆయన విన్నది నిజం. దానికి కారణం ప్లాస్టిక్ అనుకోవడమే పొరపాటు.

ఇద్దరూ ఒప్పుకునేలా తేల్చాలనుకుంటే ఇలా చేయండి. ఎల్పీ నుంచి ఒక పాటని కంప్యూటర్‌లోకి మంచి నాణ్యతతో రికార్డు చేయండి. తర్వాత ఎల్పీనీ, ఆ ఫైల్‌నీ ఒకే స్పీకర్ల మీద, ఒకే సౌండులో వినిపించండి. సౌండు సమంగా ఉండటం చాలా ముఖ్యం, కాస్త గట్టిగా వినిపించేదే బాగుందని మన చెవి మోసపోతుంది. నాన్నగారికి ఏది ఏదో చెప్పకండి. ఆయన తేడా పట్టుకోలేకపోతే దాన్ని ఓటమిలా మాట్లాడకండి. ఆయన రికార్డులో ఉన్న జీవం చెక్కుచెదరకుండా ఫైల్లోకి వచ్చిందన్నమాట, సంతోషించాల్సిన విషయం.

ఇప్పుడు తాతయ్యగారి ప్లేట్లు. మీ ఉత్తరంలో నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది ఇవే.

అవి నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. ఎల్పీల్లా వినైల్ అనే ప్లాస్టిక్‌తో కాదు, లక్కతో చేసినవి. లక్కలో రాతిపొడి, మసి కలిపి వేడి మీద అచ్చు ఒత్తేవారు. మన దేశంలో 1908లో కలకత్తాలో రికార్డుల ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత అది డమ్‌డమ్‌కి మారి, దేశంలో అన్ని భాషల ప్లేట్లూ ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేవి. పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే మరికొన్ని సెకన్లు. మన సినిమా పాట మూడు నిమిషాల చిల్లరకి అలవాటు పడింది దీనివల్లే. నాటక పద్యం పాడేవాళ్లకి ఇది ఇంకా పెద్ద పరీక్ష. స్టేజీ మీద ఒక్క పద్యానికి పది నిమిషాల రాగం తీసి, వన్స్‌మోర్‌లు కొట్టించుకున్న నటుడు, ఇక్కడ మూడు నిమిషాల్లో రాగం, పద్యం, చివరి ఆలాపన అన్నీ పూర్తి చేయాలి. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటివాళ్లు స్టేజీ మీద ఎలా పాడారో విన్నవాళ్లు ఇప్పుడు లేరు. ఆ గొంతు మనకి మిగిలింది ఈ ప్లేట్ల మీదే. ఆ తరం నటుల్లో పేరున్నవాళ్ల పద్యాలు కొన్ని నెట్‌లో దొరుకుతాయి. జిల్లా స్థాయిలో పేరు తెచ్చుకుని రెండు మూడు ప్లేట్లు ఇచ్చి ఆగిపోయినవాళ్లవి, హరికథలు, హాస్య సంభాషణలు, ఊరి బ్యాండు మేళాలు చాలావరకు దొరకవు. "అన్నీ ఫోన్లో ఉన్నాయి" అన్న మాట 1970ల సినిమా పాటల విషయంలో దాదాపు నిజం. ఈ నలభై ప్లేట్ల విషయంలో నమ్మడానికి వీల్లేదు. పన్నెండు వేలకి ఇచ్చేయవద్దని నేను గట్టిగా చెప్పింది ఇందుకే.

వీటితో మహా జాగ్రత్త. దుమ్ము ఉంది కదా అని స్పిరిట్‌తోగానీ శానిటైజర్‌తోగానీ తుడవకండి, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఒక్క తుడుపుకే గాడి పోతుంది. మెత్తని బ్రష్‌తో దుమ్ము తీసి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన మెత్తటి నూలుగుడ్డతో గాడి వెంబడి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. లేబుల్ తడవకూడదు. వంచి చూడకండి, పింగాణీలా విరుగుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా అంచు మీద నిలబెట్టండి. ఎల్పీలూ అంతే, పడుకోబెడితే వంకర పోతాయి. రాజమండ్రి ఎండల్లో అటక మీద వేడి సంగతి నేను చెప్పక్కర్లేదు, అక్కడున్నవి ఇవాళే కిందకి దింపించండి. ఖాళీ చేసేటప్పుడు చిన్న అట్టపెట్టెల్లో నిలబెట్టి, కదలకుండా సందుల్లో గుడ్డలు కుక్కి, కారులో మీతో తీసుకెళ్లండి. సామాన్ల లారీలో వద్దు.

తర్వాత ప్లేయర్. తిరుగుతోంది, కానీ పాట పీలగా వస్తోందన్నారు. నా అనుమానం ముల్లుని పట్టుకుని ఉండే కార్ట్రిడ్జ్ మీద. మన ఇళ్లలో ఉండే ఆ సూట్‌కేస్ తరహా ప్లేయర్లలో చాలావాటికి క్రిస్టల్ కార్ట్రిడ్జ్ ఉండేది. అందులోని స్ఫటికం ఒక రకం ఉప్పు. గోదావరి గాలిలోని తేమకి అది ఏళ్ల తరబడి నీరుకారి చచ్చిపోతుంది. మోటారు, బెల్టు బాగున్నా పాట నీరసంగా వస్తుంది. సిరామిక్ కార్ట్రిడ్జ్ వేయిస్తే మళ్లీ పలకవచ్చు. బాగుచేయించండి, నాన్నగారికి ఆ పెట్టె అంటే ఇష్టం ఉంటుంది. తాతయ్య ప్లేట్లకి వేరే ముల్లు కావాలి, ఆ సంగతి కింద చెబుతాను. అపురూపమైన ఎల్పీలు కూడా దాని మీద వేయకండి. అలాంటి ప్లేయర్లు ఐదారు గ్రాముల బరువుతో గాడిని నొక్కుతాయి. ఎల్పీ వేయడానికి మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కి రెండు గ్రాముల లోపో, అటూ ఇటూనో చాలు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తున్న సూట్‌కేస్ ప్లేయర్లదీ ఇదే లోపం, వాటి జోలికి పోకండి.

కొనదలిస్తే 33, 45, 78 మూడు స్పీడులూ ఉండి, కంప్యూటర్‌కి నేరుగా తగిలించే యూఎస్‌బీ ఉన్నది కొనండి. ఆడియో టెక్నికా వాళ్ల ఎల్పీ 120 అనే ప్లేయర్ అలాంటిది, ఫోనో ప్రీఆంప్ కూడా అందులోనే ఉంటుంది. దానికి 78ల కోసం వేరే ముల్లు దొరుకుతుంది, లాగి మార్చుకోవడమే. ఈ ముల్లు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 78 గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. ముల్లు మొన కూడా మూడు నాలుగు రెట్లు తేడా ఉంటుంది. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున మట్టిలో దొర్లుతుంది, వినిపించేది గరగరే. 78 ముల్లుతో ఎల్పీ వేస్తే ఎల్పీ పాడవుతుంది. అసలు ముల్లు సైజుకి ఎంత విలువుందంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు 78 ప్లేట్లని భద్రపరిచేటప్పుడు ఒకే ప్లేటుని నాలుగు రకాల ముళ్లతో ఒకేసారి రికార్డు చేశారు. గాడిలో ఒకచోట అరిగితే ఇంకోచోట అరగకుండా మిగిలి ఉంటుంది, ఏ ముల్లు అక్కడ కూర్చుంటే దానికి పాట బాగా పలుకుతుంది.

రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్‌గా దాచండి. 40 నిమిషాల ఎల్పీకి 1.4 జీబీ దాకా అవుతుంది. మీ దగ్గర ఉన్నవన్నీ ఒక మామూలు హార్డ్‌డిస్క్‌లో పట్టేస్తాయి. రెండు డిస్క్‌ల్లో పెట్టి, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. ఫోన్లో వినడానికి ఎంపీ3 కాపీ విడిగా చేసుకోండి, అసలు ఫైల్ మాత్రం ముట్టుకోకండి. గరగర తీసేసే ఫిల్టర్లు అసలు ఫైల్ మీద వాడితే దాంతో పాటు గొంతులోని ఊపిరి కూడా పోతుంది. 78లన్నీ మోనో కాబట్టి కుడి ఎడమ రెండింటినీ కలిపి మోనో చేస్తే సగం గరగర దానంతటదే తగ్గుతుంది, అది వినే కాపీకి చేసుకోండి.

అన్నిటికన్నా ముందు జాబితా. దీనికి ఖర్చు లేదు, ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు. ప్రతి ప్లేటు లేబుల్ రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తీయండి. కంపెనీ, నంబరు, పాడినవాళ్లు, నాటకం పేరు రాయండి. లేబుల్ పక్కన నల్లటి జాగాలో చెక్కిన చిన్న అంకెలుంటాయి, అవీ రాయండి. ఆ రికార్డింగ్ ఏదో ఖాయంగా గుర్తుపట్టేది వాటితోనే. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఎక్కడ కొన్నారో, తాతయ్య ఎవరిది ఎక్కువ వినేవారో చెప్పించి అది కూడా రికార్డు చేయండి. ప్లేటు మీద లేని సమాచారం అది. తర్వాత ఒక్కో పేరూ నెట్‌లో వెతకండి. దొరికినవి ఒక పక్క, దొరకనివి ఒక పక్క. దొరకనివి ముందు రికార్డు చేయాలి. ఎల్పీల్లో మీకు అక్కర్లేనివి, రెండేసి ఉన్నవి అప్పుడు అమ్ముకోవచ్చు, అదీ ఒక్కొక్కటిగా ధర కనుక్కుని.

దొరకని 78లు మీకు బరువనిపిస్తే వాటిని భద్రపరిచేవాళ్లున్నారు. ముంబైలో 1990లో మొదలైన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్, బెంగళూరు ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ ఈ పనిలో పేరున్నవి. నెట్‌లో పెట్టాలన్న కోరిక తమ్ముడికి కలిగితే హక్కుల సంగతి చూసుకోమనండి. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కాబట్టి 1930ల, 40ల ప్లేట్లకి ఆ హక్కు తీరిపోయింది. పద్యం రాసినవారి హక్కు వేరే, అది వారు పోయాక 60 ఏళ్లు. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు కాలం చేసింది 1950లో, ఆ పాండవ నాటకాల పద్యాలకి ఇబ్బంది లేదు. ఇంట్లో వినడానికి కాపీ చేసుకుంటే ఏ గొడవా లేదు.

తమ్ముడితో తగువు పెట్టుకోకండి. ఆయనకి పని అప్పగించండి. ప్లేయర్ ఇక్కడే కొనండి, కరెంటు వోల్టేజీ తేడాలుంటాయి. 78 ముల్లు మాత్రం అక్కడి నుంచి తెప్పించుకోవచ్చు, అరచేతిలో పట్టేంత వస్తువు. ఫైళ్లకి పేర్లు పెట్టి సర్దే పని దూరం నుంచే చేయొచ్చు, అదీ ఆయనకే ఇవ్వండి. జాబితాలో దొరకని వాటి లేబుల్ ఫొటోలు నాకు పంపండి. వాటిలో ఏవి ముందు రికార్డు చేయాలో చూసి చెబుతాను.